జోన్ల లెక్కల్లో లేని ఇంటి పద్దు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. వ్యవసాయ అభివృద్ధి జోన్లు, పంటల క్లస్టర్లు, ఎగుమతి హబ్బులు అనే మాటలు కొంతకాలంగా మీ పత్రికలో జిల్లా పేజీ నుంచి వాణిజ్య పేజీ దాకా తరచుగా కనిపిస్తున్నాయి. ఆ వార్తలన్నింటిలోనూ ఎన్ని ఎకరాలు, ఎన్ని కోట్ల పెట్టుబడి, ఎన్ని టన్నుల ఎగుమతి అన్న సంఖ్యలు ఉంటున్నాయి కానీ, ఆ పరిధిలో బతికే ఒక కుటుంబానికి ఏడాది చివర ఖర్చులన్నీ పోను ఎంత మిగిలింది అన్న సంఖ్య మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. ముప్పై ఏళ్లకు పైగా పల్లెటూరి బ్యాంకు శాఖల్లో పంట రుణాలు రాసి పదవీ విరమణ చేసినవాడిని. ఇప్పుడు గుంటూరులో ఉంటున్నా, పల్నాడులో మా కుటుంబం ఇంకా మిరప వేస్తూనే ఉంది. ఆ రెండు అనుభవాలను కలిపి ఈ లేఖ రాస్తున్నాను. కొంచెం పొడవైనా ప్రచురిస్తారని ఆశ.

ముందుగా మాట గురించి ఒక చిన్న సంగతి. ప్రకటనల్లో వ్యవసాయ అభివృద్ధి జోన్‌ను 'వ్యవసాయ అభివృద్ధి మండలం' అని తెలుగు చేస్తున్నారు. మా ఊరిలో ఒక పెద్దాయన అది చదివి, మన మండల కేంద్రాన్ని ఇక్కడినుంచి మారుస్తారా ఏమిటని కంగారుపడ్డారు. రెవెన్యూ మండలానికి అలవాటుపడిన చెవులకు ఆ అనువాదం పనికిరాదు కాబట్టి నేను జోన్ అనే రాస్తాను.

గుంటూరు ప్రాంతానికి జోన్లు కొత్త కావు. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీరు వదిలారు. ఆనాడు కుడి కాలువ కింద ఆయకట్టు అని పటం మీద గీసినదాన్ని ఎవరూ జోన్ అనలేదు కానీ, పల్లె కుటుంబాల ఆదాయాన్ని ఒక గీతతో విడదీసిన పని దానికంటే పెద్దది మా ప్రాంతంలో జరగలేదు. కాలువకు దిగువన ఉన్న పొలానికి నీరు, ఎగువన ఉన్న పొలానికి ఆకాశం. అంతకు కొద్దికాలం ముందే, 1960-61లో, ఎరువులు, విత్తనాలు, పరపతి అన్నీ ఒకేచోట కుమ్మరించి దిగుబడి పెంచి చూపిద్దామని దేశం మొత్తం మీద మొదట ఎంచుకున్న ఏడు ప్యాకేజీ జిల్లాల్లో మన పశ్చిమ గోదావరి ఒకటి. ఎంచుకున్న చోట పెట్టుబడి పోగుచేస్తే దిగుబడి పెరుగుతుందనడంలో నాకు సందేహం లేదు. పెరిగిన దిగుబడి ఏ ఇంటికి చేరింది, ఏ ఇంటి గడప దాకా వచ్చి వెనక్కి పోయింది అన్నదే నా ప్రశ్న.

పేరులోనే జోన్ ఉన్న పథకాన్ని కూడా మనం చూశాం. 2001లో కేంద్ర ప్రభుత్వం వ్యవసాయ ఎగుమతి జోన్ల విధానం తెచ్చి, ఆ తర్వాత మూడు నాలుగేళ్లలో 20 రాష్ట్రాల్లో 60 జోన్లు ప్రకటించింది. అందులో మిరపకు గుంటూరు, మామిడికి కృష్ణా జిల్లా ఉన్నాయి. 2004 డిసెంబరులో వాణిజ్య శాఖే అంతర్గతంగా సమీక్షించుకుని, ఈ జోన్లు అనుకున్న ఫలితాన్ని ఇవ్వలేదని తేల్చింది. బలమైన కారణం ఉంటే తప్ప కొత్తవి వద్దని నిర్ణయించింది. ఆ తర్వాత కొత్త జోన్ ఒక్కటీ రాలేదు, ప్రకటించినవి అయిదేళ్ల గడువు ముగిశాక మూతపడ్డాయి. గుంటూరు మిర్చి యార్డులో ఆ రోజుల్లో సరుకు దింపిన రైతుల్లో ఎంతమందికి తాము ఎగుమతి జోన్‌లో ఉన్నామని తెలుసో నేను అడగలేదు కానీ, నా శాఖకు రుణం కోసం వచ్చినవారిలో ఆ మాట ఎత్తినవారు ఒక్కరూ లేరు. నిజం చెప్పాలంటే నేనూ ఎత్తలేదు.

ఆ విధానంలో ఉన్న ముఖ్యమైన బలహీనత, నా దృష్టిలో, దానికంటూ ప్రత్యేకమైన డబ్బు లేకపోవడం. కేంద్రంలో ఉన్న పథకాలు, రాష్ట్రంలో ఉన్న పథకాలు కలిపి ఒక ప్రాంతం మీదికి మళ్లించడమే దాని పద్ధతి. 2025 జూలైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ప్రధానమంత్రి ధన్ ధాన్య కృషి యోజన కూడా అదే దారిలో నడుస్తోంది. తక్కువ ఉత్పాదకత, తక్కువ పంటల సాంద్రత (ఏడాదిలో అదే పొలంలో ఎన్ని పంటలు తీస్తున్నారన్నది), తక్కువ రుణ పంపిణీ అనే మూడు కొలతలతో 100 జిల్లాలను ఎంచుకుని, 11 శాఖలకు చెందిన 36 పథకాలను అక్కడ కలబోసి, ఏడాదికి 24,000 కోట్ల రూపాయల చొప్పున ఆరేళ్లు ఖర్చుచేస్తామని చెప్పారు. ప్రగతిని 117 సూచికలతో నెలనెలా చూస్తామన్నారు. కలబోత చెడ్డదని నేను అనను. శాఖలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోని దేశంలో అది కూడా ఒక మేలే. అయితే సూచికలు 117 ఉన్నా 217 ఉన్నా, వాటి మొదటి వరుసలో కుటుంబ నికరాదాయం ఉండాలి. అది లేకుండా వేసిన మొక్కలు, ఇచ్చిన కార్డులు, జరిపిన శిక్షణ తరగతులు లెక్కపెట్టుకుంటూ పోతే, 2004లో చేసిన సమీక్షనే మళ్లీ ఒకసారి చేయవలసి వస్తుంది.

ఆదాయం అనగానే పంట ఆదాయమే అనుకోవడం దగ్గర అసలు పొరపాటు మొదలవుతోంది. జాతీయ నమూనా సర్వే 77వ విడత ప్రకారం, 2018 జూలై నుంచి 2019 జూన్ వరకు గల వ్యవసాయ సంవత్సరంలో, దేశంలో ఒక వ్యవసాయ కుటుంబ సగటు నెలసరి ఆదాయం 10,218 రూపాయలు. అందులో కూలీ, జీతాల ద్వారా వచ్చింది 4,063. పంట ద్వారా వచ్చింది 3,798. పశువుల మీద 1,582, ఇతర వ్యాపారం మీద 641, భూమి కౌలుకిస్తే వచ్చింది 134. రైతు అని మనం పిలుచుకునే ఇంట్లో సైతం కూలి డబ్బు పంట డబ్బును మించిపోయిందన్న మాట. ఒక జోన్ వచ్చి పంట మీద మిగిలే నికరాదాయాన్ని పది శాతం పెంచిందనుకుందాం. ఈ సగటు ఇంటికి నెలకు పెరిగేది 380 రూపాయలు, అంటే మొత్తం ఆదాయంలో నాలుగు శాతం కూడా కాదు. అదే జోన్ వల్ల పశువుల మేత తగ్గినా, కూలి దినాలు తగ్గినా ఆ 380 ఎటు పోయిందో తెలియదు.

అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ కుటుంబం సగటు నెలసరి ఆదాయం 10,480 రూపాయలు, దేశ సగటు కంటే కొంచెం ఎక్కువ. అప్పు మాత్రం సగటున 2,45,554 రూపాయలు, దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. దేశ సగటు 74,121. మన రాష్ట్రంలో నూటికి 93 వ్యవసాయ కుటుంబాలు అప్పులో ఉన్నాయి. అప్పులన్నీ చెడ్డవి కావని బ్యాంకు మనిషిగా నేను ఒప్పుకుంటాను, పెట్టుబడి ఎక్కువ పెట్టే పంటల దగ్గర అప్పూ ఎక్కువే ఉంటుంది. కానీ రెండేళ్ల మొత్తం ఆదాయానికి ఇంచుమించు సమానమైన అప్పు నెత్తిన ఉన్న ఇంటికి, ఆదాయం సగటున ఎంత అనేదానికంటే అది ఏ ఏడు ఎంత ఊగుతోంది అన్నది ప్రాణావసరమైన ప్రశ్న.

ఆ ఊపు ఎలా ఉంటుందో మా ఇంటి పద్దులోంచే చెబుతాను. మా చిన్నాన్న కొడుకు మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేస్తాడు. నారు, ఎరువులు, పురుగుమందులు, కోత కూలి, కౌలు అన్నీ కలిపి ఎకరానికి రెండు లక్షల ముప్పై వేలు అయింది. దిగుబడి పద్దెనిమిది క్వింటాళ్లు. క్వింటాలు ఇరవై వేలకు అమ్మిన ఏడు ఎకరానికి లక్షా ముప్పై వేలు మిగిలింది. మూడెకరాల మీద దాదాపు నాలుగు లక్షలు. ఆ డబ్బుతో కూతురి చదువు ఫీజు కట్టాడు, పాత అప్పు తీర్చాడు, ఒక గేదెను కొన్నాడు. ధర పదకొండు వేలకు పడిన ఏడు అదే దిగుబడి మీద ఎకరానికి ముప్పై రెండు వేలు నష్టపోయాడు. మూడెకరాలకు తొంభై ఆరు వేలు. గేదె పోయింది. రెండు సంవత్సరాల్లోనూ అదే పొలం, అదే కాలువ, అదే యార్డు, అదే రోడ్డు. జోన్ సదుపాయాలు అని మనం లెక్కపెట్టేవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

2025 ఫిబ్రవరిలో మిర్చి ధరలు పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించి, 2.58 లక్షల టన్నుల వరకు వర్తింపజేస్తామని ప్రకటించింది. ఏమీ లేనిదానికంటే అది మేలే. కానీ పైన చెప్పిన పద్దుకు ఆ ధర కట్టి చూసినా ఎకరానికి పద్దెనిమిది వేలు తరుగే పడుతుంది. అది కూడా కౌలు రైతు పద్దు. సొంత భూమి ఉన్నవాడికి కౌలు ఖర్చు లేదు కాబట్టి అదే ధర దగ్గర అతను గట్టెక్కుతాడు. ఒకే జోన్‌లో, ఒకే గట్టుకు ఇటూ అటూ ఉన్న రెండు కుటుంబాలకు ఒకే ధర ఒకరికి ఊపిరి, ఇంకొకరికి ఉరి అవుతుందని సగటు లెక్కలు చెప్పవు.

ధర ఇంతలా ఊగడానికి ఒక కారణం జోన్ అనే ఆలోచనలోనే ఉంది. ఒక ప్రాంతాన్ని ఒక పంటకు కేటాయించాక ఆ ప్రాంతం తలరాత మొత్తం ఆ పంటతో ముడిపడుతుంది. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి మిరప తోటలను తుడిచిపెట్టినప్పుడు, రైతు నష్టపోయాడు, కూలీ నష్టపోయాడు, ఎరువుల కొట్టువాడి బాకీలు పోయాయి, ఆటోలో టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలేవాడికి పని పోయింది. సరుకు తగ్గి ధర పెరిగింది. ధర చూసి మరుసటి ఏడు అందరూ మళ్లీ మిరపే వేశారు. సరుకు పెరిగి ధర పడింది. తేజ రకం మిర్చికి చైనా కొనుగోళ్లు ఒక నెల మందగిస్తే మాచర్ల అవతల పల్లెలో పెళ్లి ముహూర్తం వాయిదా పడుతుంది. మా ఊరిలో ఒకప్పుడు మిరపతోపాటు జొన్న, కంది, పెసర ఉండేవి. జొన్న ఉంటే చొప్ప ఉండేది, చొప్ప ఉంటే గేదె ఉండేది, గేదె ఉంటే పది పదిహేను రోజులకొకసారి పాల బిల్లు ఆడవాళ్ల చేతికి వచ్చేది. వడ్లమూడి సంగం డెయిరీ పెరిగింది ఇలాంటి ఇళ్ల పాలమీదే. మిరప చుట్టూ ఊరు తిరగడం మొదలయ్యాక చొప్ప కొనవలసి వచ్చింది, కొన్న చొప్పతో గేదె కిట్టుబాటు కాలేదు. ఎకరానికి వచ్చే విలువ పెరిగిందని ఏ నివేదికైనా రాయవచ్చు, అది అబద్ధం కాదు. కానీ ఆ ఇంటికి ఏడాదిలో ఒక్కసారి పెద్ద మొత్తంగా, వస్తుందో రాదో తెలియని ఆదాయం మిగిలి, నెలనెలా నమ్మకంగా వచ్చే చిన్న ఆదాయం పోయింది.

గుంటూరులోనే ప్రధాన కార్యాలయం ఉన్న పొగాకు బోర్డు సంగతి ఇక్కడ గుర్తుకొస్తుంది. పొగాకు మీద నాకేమీ ప్రేమ లేదు. అయినా ఎవరు ఎంత పండించాలో ముందే నమోదు చేయడం, వేలం కేంద్రాల్లోనే అమ్మించడం అనే రెండు పనులు 1976లో ఏర్పడిన ఆ బోర్డు ఏదో ఒక మేరకు చేస్తూ వచ్చింది. అక్కడా కష్టాలు లేకపోలేదు. మిరపకు యార్డు ఉంది, శీతల గిడ్డంగులున్నాయి, యడ్లపాడు మండలం వంకాయలపాడులో స్పైసెస్ పార్కు ఉంది, గుంటూరు సన్నం రకం మిర్చికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఎంత వేయాలో ముందే చెప్పే నాథుడు మాత్రం లేడు.

ఇక గిడ్డంగుల సంగతి. జోన్ వల్ల ఇంటి ఆదాయం పెరగాలంటే అన్నింటికంటే ముందు రైతుకు ఆగగలిగే శక్తి ఉండాలని నా అనుభవం. ఫిబ్రవరి, మార్చిలో కళ్లంలో కాయ ఎండగానే అందరి సరుకూ ఒక్కసారి యార్డుకు వస్తుంది. ఆగగలిగినవాడు శీతల గిడ్డంగిలో పెట్టి తర్వాత అమ్ముకుంటాడు. గుంటూరు చుట్టూ ఉన్న గిడ్డంగుల్లో చోటు కొరత ప్రతి ఏటా వార్తే, కానీ చోటు దొరికినా సన్నకారు రైతు ఎందుకు ఆగలేడో ఆ వార్తల్లో రాయరు. జూన్‌లో విత్తనానికి, ఆగస్టులో ఎరువుకు, నవంబరులో మందుకు అతను తెచ్చిన డబ్బు కమీషన్ వ్యాపారిది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. సరుకు నా దుకాణానికే తేవాలన్నది కాగితం మీద లేని షరతు. ఆ వ్యాపారిని దుర్మార్గుడని తిట్టడం సులువు. అర్ధరాత్రి ఆసుపత్రి ఖర్చుకు ఫోన్ చేస్తే డబ్బు పంపేది అతనేనని కూడా ఒప్పుకోవాలి. ఆ పని బ్యాంకు చేయలేదు. నేను చేయలేదు. పట్టాదారు పాసు పుస్తకం లేని మనిషికి సంతకం పెట్టే అధికారం నాకు లేదని చెప్పి పంపించిన రోజులు లెక్కలేనన్ని.

గిడ్డంగిలో ఉన్న సరుకు మీద రుణం ఇవ్వడానికి భూమి కాగితం అవసరం లేదు. అక్కడ ఉన్న నలభై టిక్కీల మిర్చే హామీ. గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ చట్టం 2007లోనే వచ్చింది, ఎలక్ట్రానిక్ గిడ్డంగి రసీదులు వచ్చాయి, ఆ రసీదుల మీద ఇచ్చే రుణాలకు హామీగా 1,000 కోట్ల రూపాయల నిధితో కేంద్రం 2024 డిసెంబరులో ఒక పథకం ప్రారంభించింది. మన మార్కెట్ కమిటీలకు రైతుబంధు అనే సొంత పథకం ఎప్పటినుంచో ఉంది (తెలంగాణలో ఆ పేరుతో వచ్చిన పెట్టుబడి సాయం వేరు). ఇన్ని ఉండి కూడా, సరుకు పెట్టిన రోజునే, వ్యాపారి పూచీ లేకుండా, కౌలు రైతు పేరు మీద సరుకు విలువలో నూటికి డెబ్బై రూపాయల రుణం తేలికగా పుట్టే పరిస్థితిని నా ఉద్యోగకాలంలో నేను చూడలేదు. ఒక జోన్ ఈ ఒక్క పని సక్రమంగా చేసిపెడితే దాని తోరణం మీద ఏ పేరు రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

కౌలు రైతును గుర్తించడం దగ్గరే చాలా ఆగిపోతోంది. 2011లో రుణ అర్హత కార్డులిచ్చే చట్టం తెచ్చారు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, పదకొండు నెలల కార్డు ఇస్తారు, దానికి భూయజమాని అంగీకారం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న భయం యజమానికి, అడిగితే వచ్చే ఏడు కౌలు ఇవ్వడేమోనన్న భయం సాగుదారుకు. పెట్టుబడి సాయమైనా, నష్టపరిహారమైనా ఎక్కువసార్లు పట్టా ఉన్నవారి ఖాతాకే చేరుతుంది. ఒక ప్రాంతంలో రోడ్డు, గిడ్డంగి, పార్కు వస్తున్నాయని తెలియగానే మొట్టమొదట పెరిగేది కౌలు. జోన్ తెచ్చిన లాభంలో మొదటి వాటా హైదరాబాదులోనో, గుంటూరులోనో ఉంటున్న యజమానికి పోతుంది, నాలాంటివారికి అన్నమాట. మా వాటా భూమికి కౌలు పెంచమని మా ఇంట్లోనే ప్రస్తావన వచ్చినప్పుడు నాకు ఈ సంగతి బాగా అర్థమైంది.

జోన్ గీత లోపలివారి సంగతి ఇలా ఉంటే, గీతకు రెండు మూడు వందల కిలోమీటర్ల అవతల ఉండి దాని మీదే బతికేవారు ఇంకొందరున్నారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలకు కర్నూలు పశ్చిమ ప్రాంతం నుంచి, కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు ఊళ్ల నుంచి, కుటుంబాలకు కుటుంబాలే మా వైపు వస్తాయి. సుగ్గికి పోవడమంటారు వాళ్లు. పొలం గట్టున పరదా కట్టుకుని, బడి మానిన పిల్లలతో సహా మూడు నాలుగు నెలలుంటారు. వాళ్ల ఏడాది ఆదాయంలో అప్పు తీర్చే భాగం ఇక్కడే సంపాదించాలి. ధర పడినప్పుడు వాళ్లకు జరిగే నష్టం ఏ నివేదికలోకీ ఎక్కదు. రోజు కూలి తగ్గించనవసరం లేదు, చివరి కోత వదిలేస్తే చాలు. కోత ఖర్చు కాయ ధరకు మించితే రైతు చెట్టు మీదే వదిలేస్తాడు. ఇరవై రోజుల పని మాయమవుతుంది, వాళ్లు ముందుగానే మూటలు కట్టుకుంటారు. గుంటూరులో గిడ్డంగుల దగ్గర మిరపకాయల ముచ్చికలు (తొడిమలు) తీసే ఆడవాళ్లదీ అదే కథ. కిలోకింత చొప్పున, మాస్కు లేని ముక్కుతో, దగ్గుకుంటూ చేసే ఆ పని మీద ఈ ఊరి వాడల్లో ఎన్నో ఇళ్లు నడుస్తున్నాయి. ఎగుమతి విలువ పెరిగినప్పుడు ఆ కిలో రేటు ఎంత పెరిగిందో ఎవరైనా రాసిపెట్టారా? నేను పైన చెప్పిన జాతీయ సర్వే కూడా పూర్తిగా కూలి మీదే బతికే కుటుంబాలను వ్యవసాయ కుటుంబాలుగా లెక్కలోకి తీసుకోలేదు.

గీత ఎక్కడ గీస్తారన్నది కూడా చిన్న విషయం కాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక మిర్చి యార్డు గుంటూరు జిల్లాలో, పంటలో అధికభాగం పల్నాడు జిల్లాలో ఉండిపోయాయి. జిల్లాను ఒక యూనిట్‌గా తీసుకుని జోన్ ప్రకటిస్తే, అమ్మేచోటు ఒకరి పర్యవేక్షణలో, పండేచోటు మరొకరి పర్యవేక్షణలో ఉంటాయి. రొయ్యల చెరువుల విషయంలో దీన్ని మరింత స్పష్టంగా చూశాం. ఆక్వా జోన్‌లో ఉన్న చెరువుకు యూనిట్ రూపాయిన్నరకు కరెంటు ఇచ్చి, పక్కనే జోన్‌లోకి ఎక్కని చెరువుకు ఇవ్వకపోతే, నీటిలోకి గాలి పంపే ఏరేటర్లు రాత్రింబవళ్లు తిరిగే ఆ వృత్తిలో లాభనష్టాలను నిర్ణయించేది నీటి నాణ్యత కాదు, సర్వే నంబరు.

ఒక ప్రాంతాన్ని గీసి అందులో భూమి లేనివారిని కూడా పేరుపేరునా లెక్కించడం అసాధ్యమని అధికారులు అంటారేమో. పక్కనే అమరావతిలో 2015లో అది చేశారు. భూసమీకరణకు భూమి ఇచ్చిన రైతుకు మెట్టకైతే ఎకరానికి ఏడాదికి 30,000, జరీబుకైతే (నీటి వసతి ఉన్న సారవంతమైన భూమికైతే) 50,000 రూపాయల కౌలు, ఏటా పది శాతం పెంపుతో పదేళ్లు ఇస్తామని రాసిన ఒప్పందంలోనే, పని పోగొట్టుకునే భూమిలేని కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను కూడా రాశారు. ఆ మొత్తం చాలుతుందా, సమయానికి అందిందా అన్న చర్చ వేరు. రాజధాని కోసం వ్యవసాయాన్ని ఆపేటప్పుడు కూలి కుటుంబం లెక్కలోకి వచ్చింది. వ్యవసాయాన్ని పెంచుతామని జోన్ పెట్టేటప్పుడు అదే కుటుంబం ఎందుకు రాకూడదు?

అందువల్ల మీ పత్రిక ద్వారా వ్యవసాయ, మార్కెటింగ్ శాఖలను నేను కోరేది ఏమిటంటే, ఏ జోన్ ప్రకటించినా పని మొదలుపెట్టే ముందే ఆ పరిధిలో కొన్ని ఊళ్లు ఎంచుకుని, సొంత రైతు, కౌలు రైతు, స్థానిక కూలి, వలస కూలి కుటుంబాల ఆదాయవ్యయాలను నమోదు చేయించాలి. అవే ఇళ్లను అయిదేళ్లపాటు ప్రతి ఏటా కోతలయ్యాక మళ్లీ అడగాలి. వచ్చిన ఫలితాన్ని, పేర్లు లేకుండా, ఆ గ్రామ సచివాలయం గోడ మీద అంటించాలి. ఎవరి పొలంలో ఎవరు ఏ పంట వేశారో రైతు సేవా కేంద్రాల్లో ఈ-క్రాప్ ద్వారా ఎలాగూ నమోదు చేస్తున్నారు. ఆ నమోదునే ఆధారంగా తీసుకుని గిడ్డంగి రసీదు మీద సాగుదారు పేరునే రుణం వచ్చేలా చూడాలి. లాం పరిశోధన కేంద్రం, వ్యవసాయ విశ్వవిద్యాలయం గుంటూరు పొలిమేరలోనే ఉన్నాయి, ఆర్థికశాస్త్రం చదివే విద్యార్థులకు కొదవలేదు. ఈ సర్వేకు పార్కు ప్రహరీ గోడకు అయ్యేంత ఖర్చు కూడా కాదు.

మా చిన్నాన్న కొడుకు రాసుకున్న మూడు సంవత్సరాల పద్దు పుస్తకం నా దగ్గర ఉంది. ఎరువుల కొట్టు చీటీలు, యార్డులో సరుకు అమ్మినప్పుడు ఇచ్చే తక్‌పట్టీలు అందులోనే కుట్టి ఉన్నాయి. ఈ ఏడు కూడా అతను ఆ మూడెకరాలు కౌలుకు తీసుకున్నాడు. ఎకరంన్నరలో మిరప, మిగతాదానిలో జొన్న వేశాడు. జోన్ల మీద పనిచేసే అధికారి ఎవరైనా అడిగితే ఆ పుస్తకం నకలు పంపగలను.

భవదీయుడు,
విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
బ్రాడీపేట, గుంటూరు